బత్తాయి అంట్ల నర్సరీకి డొమైన్: ప్రాజెక్టు డైరీ

జూన్ 1, 2025, ఆదివారం

పని ఇది. నల్లగొండ దగ్గర మా పెద్దనాయిన నడిపే బత్తాయి అంట్ల నర్సరీకి కొత్త వెబ్‌సైట్. వానలు పడి అంట్ల అమ్మకం ఊపందుకునే లోపు నిలబెట్టాలి. సైట్ పెద్దదేం కాదు. ఏ అంట్లున్నాయి, ధర ఎంత, నర్సరీకి దారి ఎటు, ఫోన్ నంబర్, అంతే. సాతుగుడి అంటు కొనడానికి వచ్చిన రైతు, అంటు కట్టిన కింది వేరు మొక్క గురించి అడిగే మొదటి మాట, 'రంగపురి మీద కట్టిందా, జంబేరి మీద కట్టిందా?' అని. దానికి జవాబు మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో ఉండాలని ఆయన షరతు.

ఇంతకుముందు ఒక సైట్ ఉండేది. టౌన్‌లో ఒకాయన డిజైన్, డొమైన్ (సైట్ పేరు), హోస్టింగ్ (సైట్ ఉండే చోటు) అన్నీ కలిపి ఒక ప్యాకేజీగా చేసిపెట్టాడు. కొన్నాళ్లకు సైట్ మాయమైంది, ఆయన ఫోన్ కలవడం మానేసింది. గేటు బోర్డు మీద, విజిటింగ్ కార్డుల మీద ఇంకా ఆ పాత పేరే ఉంది. అందుకని ఈరోజు మొదట చేసిన పని, ఆ పేరు ఏమైందో చూడటం.

డొమైన్ పేర్ల వ్యవస్థను ప్రపంచమంతటా చూసుకునే ఐకాన్ వాళ్ల లుకప్ పేజీలో పేరు కొడితే వివరాలు వస్తాయి. వెనకటి 'హూఈజ్' పద్ధతికి బదులు, డాట్ కామ్ లాంటి వాటికి 2025 జనవరి 28 నుంచి ఆర్‌డాప్ అనే కొత్త పద్ధతి వచ్చింది. చూసేవాళ్లకు పెద్ద తేడా తెలియదు. నేను చూసింది ఒక్కటే, 'క్రియేటెడ్' తేదీ. మొన్న మార్చి అని ఉంది. అంటే పాత రిజిస్ట్రేషన్ పూర్తిగా పోయింది, ఎవరో కొత్తగా కొన్నారు. తెరిస్తే ప్రకటనల పేజీ.

డాట్ కామ్ గడువు దాటిన వెంటనే పోదు. మొదట 45 రోజుల దాకా రిజిస్ట్రార్ (పేర్లు అమ్మే కంపెనీ) చేతిలో ఉంటుంది. ఎన్ని రోజులు ఆగాలో, మామూలు రెన్యువల్ ధరకే ఇవ్వాలో లేదో వాళ్ల ఇష్టం. ఆ తర్వాత 30 రోజులు రిడెంప్షన్ దశ. అప్పుడూ వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ జరిమానా లాంటి ఫీజు మోత మోగుతుంది. చివర 5 రోజులు ఎవరూ ఏమీ చేయలేరు, ఆ తర్వాత పేరు బజారులో పడుతుంది. మొత్తం మీద రెండున్నర నెలల దాకా అవకాశం ఉండి ఉంటుంది. గుర్తుచేసే మెయిళ్లు కూడా వచ్చే ఉంటాయి. గడువుకు నెల ముందు ఒకటి, వారం ముందు ఒకటి, గడువు దాటాక అయిదు రోజుల్లోపు ఇంకొకటి పంపాలని ఐకాన్ నిబంధన. అన్నీ ఆ డిజైనర్ మెయిల్‌కే వెళ్లాయి, రిజిస్ట్రేషన్ ఆయన పేరు మీదే ఉంది కాబట్టి.

ఇది ఫోన్‌లో చెబితే పెద్దనాయిన ఒక్క ముక్కలో తేల్చేశాడు: "అంటే పట్టా వాని పేరు మీద, కౌలు నాది. గంతేనా?"

అంతే. దానికి నేను చేర్చడానికి ఏమీ లేదు. ఫిర్యాదు చేద్దామా అంటే, ఇలాంటి తగాదాలు చూసే అంతర్జాతీయ సంస్థ వైపో దగ్గర ఒక పేరు మీద కేసుకు ఫీజే 1,500 డాలర్లు. పైగా ఆ పేరు మీద మనకు ట్రేడ్‌మార్క్ హక్కు ఉందని చూపించాలి. నర్సరీకి ఆ గొడవ వద్దు. పాత పేరు వదిలేసి కొత్తది తీసుకుంటున్నాం.

జూన్ 3

ధరలు చూడటానికి కూర్చున్నా. ముందు అసలు ఖర్చు ఎంతో తెలిస్తే గానీ ఎవరు ఎంత లాగుతున్నారో తెలియదు.

డాట్ కామ్ పేర్లన్నిటికీ రిజిస్ట్రీ, అంటే అసలు జాబితా నడిపే సంస్థ, ఒక్కటే, వెరిసైన్. మనం ఏ రిజిస్ట్రార్ దగ్గర కొన్నా వాళ్లు ఏడాదికి ఇంతని వెరిసైన్‌కు కట్టాల్సిందే. ఆ టోకు ధర చాలా ఏళ్లు 7.85 డాలర్ల దగ్గరే ఉండి, 2021 నుంచి ఏటా పెరుగుతూ 2024 సెప్టెంబర్ 1 నుంచి 10.26 డాలర్లయింది. దాని మీద ఐకాన్ ఫీజు 18 సెంట్లు. వచ్చే నెల 1 నుంచి అది 20 సెంట్లట. అంటే ప్రపంచంలో ఎవరికైనా డాట్ కామ్ గిట్టుబాటు ధర 10.44 డాలర్లు, మన డబ్బుల్లో ఇప్పుడు దాదాపు తొమ్మిది వందలు.

ఇప్పుడు రెండు వందల లోపు డాట్ కామ్ అని ఊరించే ప్రకటన చూస్తే నవ్వొస్తుంది. ప్రతి పేరు మీదా ఏడు వందలు చేతి నుంచి పెట్టి అమ్మేవాడు ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి కదా. రెన్యువల్‌లో రాబట్టుకుంటాడు. అదే సైట్‌లో రెన్యువల్ ధర వెతికితే ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో పదిహేను వందల దగ్గర దొరికింది, జీఎస్టీ కాక.

కొత్త రకం చివర్లు, అంటే డాట్ షాప్, డాట్ ఆన్‌లైన్, డాట్ ఎక్స్‌వైజెడ్ లాంటివి ఇంకా ఘోరం. మొదటి ఏడాది చాయ్ పైసలకు ఇస్తారు, రెండో ఏడాది వేలల్లోకి వెళ్లేవీ ఉన్నాయి. డాట్ కామ్ టోకు ధర ఎంత పెంచవచ్చో ఒప్పందంలో ఒక హద్దయినా ఉంది. వీటికి చాలావరకు అలాంటి హద్దు లేదు. వీటిని జాబితాలోంచి కొట్టేశా.

కాబట్టి మొదటి ఏడాది ధర అసలు చూడొద్దని నిర్ణయం. ప్రతి రిజిస్ట్రార్‌కూ మూడేళ్ల మొత్తం లెక్క వేస్తా: మొదటి ఏడాది, రెండు రెన్యువళ్లు, జీఎస్టీ 18 శాతం, ప్రైవసీకి (యజమాని వివరాలు బయటికి కనపడకుండా దాచడానికి) విడిగా డబ్బులడిగితే అవి కూడా. గోడాడీ, బిగ్‌రాక్, హోస్టింగర్, నేమ్‌చీప్, పోర్క్‌బన్, క్లౌడ్‌ఫ్లేర్ అని ఒక షీట్‌లో వేసుకున్నా. వాటితో పాటు మన దేశపు చిన్న రిజిస్ట్రార్లు కొన్ని.

జూన్ 8, ఆదివారం

షీట్ నిండింది. కేవలం ధర చూస్తే క్లౌడ్‌ఫ్లేర్‌కు పోటీ లేదు. 2018లో రిజిస్ట్రార్ సేవ మొదలుపెట్టినప్పటి నుంచి వాళ్లది ఒకటే మాట, టోకు ధరకే ఇస్తాం, మీద లాభం వేసుకోం అని. పైన వేసిన లెక్కే వాళ్ల ధర. మొదటి ఏడాదీ అంతే, రెన్యువల్ కూడా అంతే. షరతు ఒకటి ఉంది. నేమ్‌సర్వర్లు (పేరు కొడితే సైట్ ఎక్కడుందో చెప్పేవి) వాళ్లవే వాడాలి, వేరే చోటికి మార్చుకోవడానికి వీల్లేదు. నా సొంత పేర్లకైతే అదేం ఇబ్బంది కాదు. నా వాటిలో ఒకటి అక్కడే ఉంది, ఏ గొడవా లేదు.

కానీ ఈ సైట్ నాది కాదు. ఈ పేరును మూడేళ్లకోసారి రెన్యూ చేయాల్సింది డెబ్బై ఏళ్లకు దగ్గర పడుతున్న మనిషి. నేను హైదరాబాద్‌లో ఉంటానో ఇంకెక్కడుంటానో. ఆయన ఫోన్‌పే వాడతాడు, ఎరువుల కొట్టు బిల్లు నుంచి కూలీల డబ్బుల దాకా అన్నీ దాంట్లోనే. క్రెడిట్ కార్డు లేదు. డెబిట్ కార్డు ఉంది గానీ, 2020 అక్టోబర్ నుంచి వచ్చిన రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం మనం విడిగా ఆన్ చేయిస్తేనే అది విదేశీ చెల్లింపులకు పనిచేస్తుంది.

ఆటో రెన్యువల్ పెడితే సరిపోదా అనుకోవచ్చు. 2021 అక్టోబర్ నుంచి కార్డు మీద తనంతట తాను డబ్బు కట్ కావాలంటే ముందుగా మనం ఓటీపీతో అనుమతి నమోదు చేయాలి, కట్ అయ్యే 24 గంటల ముందు బ్యాంకు మనకు చెప్పాలి. మన దేశపు కంపెనీలు ఈ ఏర్పాటులోకి వచ్చేశాయి. విదేశీ సైట్లలో చాలాసార్లు ఇది కుదరదు. 'ఆటో రెన్యూ ఆన్' అని పచ్చ రంగులో కనిపిస్తూనే ఉంటుంది, ఆ రోజు వచ్చాక బ్యాంకు తిప్పి కొడుతుంది. మన కార్డులతో విదేశాల్లో డొమైన్లు పెట్టుకున్నవాళ్లకు ఇది అసలు టెన్షన్. ఇక్కడి వ్యాసాలు దీని గురించి రాయవు, అమెరికా వాళ్ల పోలికలను తెలుగులోకి దించి ఊరుకుంటాయి.

డాలర్ల ధర మీద బ్యాంకు వేసుకునే మారకపు రుసుము కూడా ఉంటుంది, దాని మీద మళ్లీ జీఎస్టీ. పేరు ధర మీద పడే 18 శాతం జీఎస్టీతో సహా అన్నీ కలిపితే టోకు ధర డాట్ కామ్ కూడా మనకు పదకొండు వందల దగ్గర పడుతుంది. రూపాయల్లో బిల్లు ఇచ్చి, యూపీఐ తీసుకుని, రెన్యువల్ ధర మొదటి పేజీలోనే చెప్పే మన దేశపు రిజిస్ట్రార్ ఒకరు షీట్‌లో ఉన్నారు. వాళ్లకూ దీనికీ తేడా ఏడాదికి రెండు వందలు. ఆ రెండు వందలతో పెద్దనాయిన నాకు ఫోన్ చేయకుండా తన పని తాను చేసుకోగలుగుతాడు. నా వరకు అది చవకే.

జూన్ 12

చవక సంగతి తేలింది. నమ్మకం ఎలా కొలవాలి?

రిజిస్ట్రార్ మూతపడితే ఏమవుతుంది అనేది ఊహకే పరిమితమైన ప్రశ్న కాదు. 2007లో అమెరికాలో రిజిస్టర్‌ఫ్లై అనే రిజిస్ట్రార్ కుప్పకూలింది. రెన్యువల్‌కు డబ్బు కట్టినవాళ్ల పేర్లు కూడా పోయాయి. ఐకాన్ దాని గుర్తింపు రద్దు చేసి, మిగిలిన పేర్లను గోడాడీకి అప్పగించింది. ఆ గోల తర్వాత రిజిస్ట్రార్లు తమ దగ్గరున్న యజమానుల వివరాల నకలును ఎప్పటికప్పుడు మూడో సంస్థ దగ్గర దాచే ఏర్పాటు గట్టిగా అమల్లోకి వచ్చింది. పెద్ద పేరు ఉన్నంత మాత్రాన ధీమాగా ఉండటానికీ లేదు. గూగుల్ డొమైన్స్‌ను గూగులే 2023లో స్క్వేర్‌స్పేస్‌కు అమ్మేసింది. పేర్లు పోలేదు గానీ, అక్కడి కస్టమర్లు పడుకుని లేచేసరికి వేరే కంపెనీ కస్టమర్లయ్యారు.

అందుకే నేను చూసింది రెండు విషయాలు. ఒకటి, గుర్తింపు నేరుగా ఉందా లేక ఇంకొకరి కింద రీసెల్లరా. డాట్ కామ్‌కు ఐకాన్ జాబితాలో, డాట్ ఇన్‌కు దాని రిజిస్ట్రీ నిక్సీ జాబితాలో పేరుందో లేదో చూడొచ్చు. రీసెల్లరంటే మోసగాడని కాదు. కానీ ఇబ్బంది వస్తే మధ్యలో ఒక మెట్టు ఎక్కువ, పాత డిజైనర్‌తో జరిగింది కూడా ఇలాంటిదే. రెండు, వదిలి వెళ్లడం ఎంత సులువు. రిజిస్ట్రార్ మార్చాలంటే లాక్ తీయాలి, ట్రాన్స్‌ఫర్ కోడ్ కావాలి. ఈ రెండూ ఖాతాలో మనమే చేసుకునేలా ఉంటే మంచిది. మెయిల్ పెట్టండి, పరిశీలిస్తాం అంటే అక్కడికి వెళ్లకూడదు.

ఇది పరీక్షించడానికి కొనకముందే ప్రతి చాట్‌లోనూ ఒకటే ప్రశ్న వేశా: ట్రాన్స్‌ఫర్ కోడ్ నేనే తీసుకోవచ్చా, మిమ్మల్ని అడగాలా? ఒక చోట రెండు నిమిషాల్లో, ఎక్కడ నొక్కాలో బొమ్మతో సహా చూపించారు. ఒక చోట జవాబు మర్నాడు వచ్చింది. ఇంకో చోట నా ప్రశ్న వదిలేసి హోస్టింగ్ మీద తగ్గింపు ఉందని మొదలుపెట్టారు, మళ్లీ అడిగితే 'మమ్మల్ని ఎందుకు వదిలి వెళ్తారు సార్' అన్నారు. వాళ్లను షీట్‌లోంచి తీసేశా. రెండు నిమిషాల జవాబు వచ్చింది పైన చెప్పిన యూపీఐ రిజిస్ట్రార్ దగ్గర్నుంచే. పేరు ఇక్కడ రాయట్లేదు. ధరలు నెలనెలా మారతాయి, నా జవాబు కంటే ఆ ప్రశ్నే ఎక్కువ కాలం పనికొస్తుంది.

జూన్ 14, శనివారం

పేరు ఖాయం చేయడానికి పెద్దనాయిన, నేను, వాట్సాప్‌లో అక్క. ముందు నర్సరీ పేరు, చివర ఊరు. నల్లగొండ అని మనం అన్నా ఇంగ్లిష్‌లో ఆఫీసు బోర్డులన్నిటి మీదా ఎల్ ఒకటే, అదే పెట్టాం. మధ్యలో అడ్డగీత పెడదామని అక్క అంది. ఫోన్‌లో చెప్పేటప్పుడు 'గీత' అని ఎవరికి అర్థమవుతుందని పెద్దనాయిన కొట్టేశాడు. సబబే.

తెలుగు అక్షరాల్లోనే పేరు, చివర డాట్ భారత్ కూడా తెలుగులో, తీసుకోవచ్చు. నిక్సీ ఇస్తోంది. నాకు ఆశగానే ఉంది. కానీ లోపల కంప్యూటర్లకు ఆ పేరు 'ఎక్స్ ఎన్' అని మొదలయ్యే అర్థంకాని అక్షరాల వరుసగానే వెళ్తుంది. కొన్ని యాప్‌లలో అలాగే కనిపిస్తుంది, కొన్ని ఫారాలు అలాంటి మెయిల్ చిరునామాను ఒప్పుకోవు. ప్రధాన పేరుగా వద్దనుకున్నాం.

డాట్ ఇన్ ప్రధానం, డాట్ కామ్ దానికి దారి మళ్లించేది. కొనేది చుట్టుపక్కల రైతులే కాబట్టి డాట్ ఇన్ ఒక్కటే చాలు నిజానికి. డాట్ కామ్ ఎందుకంటే, ఒకసారి పేరు పోగొట్టుకున్నాక పెద్దనాయినకు నమ్మకం తక్కువైంది. "రెండూ తీస్కో. మల్ల ఎవడన్న ఎత్కపోతే?" అన్నాడు.

జూన్ 15, ఆదివారం

కొన్నాం. నర్సరీలో షెడ్డు కింద కూర్చుని, ఆయన ఫోన్‌లోనే.

కార్ట్‌లో రెండు పేర్లు వేస్తే వాటితో పాటు నాలుగు వస్తువులు వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి. మెయిల్ ప్యాకేజీ, సైట్ బిల్డర్, ఏదో 'రక్షణ', ప్రైవసీ. అన్నిటికీ టిక్ తీసేశాం. డాట్ ఇన్‌కు యజమాని పేరు దాచే ప్రాక్సీ సేవను రిజిస్ట్రీయే అనుమతించదు, దానికి డబ్బు కట్టడమంటే గాలికి కట్టడమే. డాట్ కామ్‌కు వీళ్లు ప్రైవసీ ఉచితంగానే ఇస్తున్నారు, కార్ట్‌లో ఉన్నది దాని పెద్ద రకమట. మంచి రిజిస్ట్రార్ అని ఎంచుకున్నవాళ్లు కూడా ఇలా చేయడం చిరాకే, కానీ ఇది లేనివాళ్లు నాకు దొరకలేదు. 'హోస్టింగ్ తీసుకుంటే డొమైన్ ఫ్రీ' అన్నదీ వద్దనుకున్నాం. హోస్టింగ్ నచ్చక మారినప్పుడు పేరు అక్కడ ఇరుక్కుంటుంది. రెండూ వేర్వేరు చోట్ల ఉంటేనే హాయి.

యజమాని పేరు: పెద్దనాయినది, ఆధార్‌లో ఉన్నట్టే. ఫోన్: ఆయనది. మెయిల్: ఆయన జీమెయిల్. నా పేరు ఎక్కడా లేదు, టెక్నికల్ కాంటాక్ట్‌లో తప్ప. డాట్ ఇన్‌కు కేవైసీ అడిగారు, ఆధార్‌తో అయిపోయింది. ఇక్కడ ఒక జాగ్రత్త. రిజిస్ట్రార్ ఖాతాకు పెట్టే మెయిల్ అదే డొమైన్ మీద ఉండకూడదు. పేరు ఆగిపోయిన రోజు మెయిల్ కూడా ఆగిపోతుంది, ఇక పాస్‌వర్డ్ మార్చుకునే దారే ఉండదు.

ఎన్నేళ్లకు? పదేళ్ల దాకా కట్టొచ్చు. ఆయన అయిదన్నాడు, నేను మూడన్నా. మూడేళ్లకు కడితే మధ్యలో టోకు ధర పెరిగినా మనకు తగలదు. అయిదంటే ఖాతా ఒకటుందనే సంగతే ఇంట్లో అందరూ మర్చిపోతారు. మూడుకు ఒప్పుకున్నాడు. యూపీఐతో కట్టాడు, రూపాయల్లో బిల్లు జీమెయిల్‌కు వచ్చింది.

మెయిల్ నిర్ధారణ లింక్ అక్కడే నొక్కించా. 15 రోజుల్లో నొక్కకపోతే డాట్ కామ్ పేరును నిలిపివేస్తారు. సైట్ అంతా సిద్ధమయ్యాక ఒక ఉదయం ఏమీ తెరుచుకోకపోతే చాలామందికి కారణం ఇదే. తర్వాత రెండంచెల లాగిన్ పెట్టి, అత్యవసర కోడ్లు ప్రింట్ తీసి బీరువాలో పెట్టాం.

జూన్ 17

ఫోన్లు మొదలయ్యాయి. 'సార్, మీరు డొమైన్ రిజిస్టర్ చేశారు కదా, వెబ్‌సైట్ డిజైన్ చేస్తాం' అని. పెద్దనాయిన ఒకాయనకు అంట్లు కొంటావా అని ఎదురు బేరం పెట్టాడట, ఫోన్ పెట్టేశాడట.

ఫోన్లతో పెద్ద ప్రమాదం లేదు. ముందు ముందు 'మీ డొమైన్ గడువు ముగుస్తోంది, వెంటనే కట్టండి' అని బిల్లులా కనిపించే మెయిళ్లు వస్తాయి, గూగుల్‌లో నమోదు ఫీజు అని కూడా వస్తాయి. ఆయనకు ఒకటే చెప్పా: మెయిల్‌లోని లింక్ నొక్కకు, రిజిస్ట్రార్ సైట్ నువ్వే తెరిచి గడువు తేదీ చూడు.

జూన్ 22, ఆదివారం

నేమ్‌సర్వర్లు హోస్టింగ్ వైపు తిప్పా, గంటలోపే సైట్ తెరుచుకుంది. డాట్ కామ్ దారి మళ్లింపు పనిచేస్తోంది. రంగపురి సంగతి మొదటి పేజీలో ఉంది. ఫొటోలు ఎండలో తీసినవి, బాగా రాలేదు. మళ్లీ తీయాలి.

క్యూఆర్ కోడ్ కూడా కావాలన్నారు. ఉచితంగా చేసిచ్చే కొన్ని సైట్లు మన లింక్ బదులు తమ లింక్ పెట్టి అక్కడి నుంచి మళ్లిస్తాయి, కొన్నాళ్లకు డబ్బు కట్టమని ఆపేస్తాయి. నేరుగా మన చిరునామానే ఉన్న కోడ్ తయారు చేశా. స్కాన్ చేసినప్పుడు పైన ఏ చిరునామా కనిపిస్తుందో చూస్తే తేడా తెలిసిపోతుంది.

జూన్ 29, ఆదివారం

ఈరోజు రెన్యువల్ రిహార్సల్. నేను పక్కనే కూర్చున్నా, మాట సాయం చేయకూడదని ఒప్పందం. ఆయనే సైట్ తెరిచి, లాగిన్ అయి, గడువు తేదీ వెతికి, ఇంకో ఏడాదికి కట్టే పేజీ దాకా వెళ్లి, యూపీఐ కనిపించాక వెనక్కి రావాలి.

లాగిన్ దగ్గరే ఆగాడు. ఓటీపీ రాలేదు. చూస్తే ఖాతాకు ఇచ్చిన నంబర్ రెండో సిమ్‌ది, ఆ సిమ్ ఇప్పుడు పెద్దమ్మ ఫోన్‌లో ఉంది. నంబర్ మార్పించాం. కోడ్లకు ఆథెంటికేటర్ యాప్ కూడా పెట్టాం. రెండోసారి చివరి దాకా వెళ్లాడు. 'రెన్యూ' బటన్ కంటే 'అప్‌గ్రేడ్' బటన్ పెద్దగా ఉందని తిట్టాడు, దాన్ని మాత్రం నొక్కలేదు.

ఇక మిగిలినవి. కొన్న 60 రోజుల దాకా డాట్ కామ్‌ను వేరే రిజిస్ట్రార్‌కు మార్చలేం, అంటే ఆగస్టు మధ్య దాకా. ఆ తర్వాత ఒకసారి లాక్ తీసి, ట్రాన్స్‌ఫర్ కోడ్ నిజంగా వస్తుందో లేదో చూసి మళ్లీ లాక్ వేయాలి. మారే ఉద్దేశం లేదు, చాట్‌లో చెప్పిన మాట నిజమో కాదో తేలుతుంది. ఆయన ఫోన్ క్యాలెండర్‌లో, పెద్దమ్మ ఫోన్‌లో, నా దాంట్లో 2028 మే మొదటి వారానికి గుర్తు పెట్టాం.